తోక మొలిచిన పట్టుచీర

అనంతపురం, మంగళవారం

నాయనా, నేను బాగున్నాను. మగ్గం చప్పుడులో నీకు ఫోను వినపడదని కార్డు రాస్తున్నాను.

"ముట్టుకోలేని చీర ఎవురు కొంటారే?" అన్నావు కదా. కంప్యూటరు లోకంలో మనుషుల బదులు తిరిగే బొమ్మల కోసం నేను గీసిన మొదటి చీర నిన్న అమ్ముడుపోయింది. కొన్నది తనకల్లు టీచరమ్మ జ్యోతిలక్ష్మి. కాసేపటికే "ఏమ్మా, నా బొమ్మకు తోక మొలిచినాది, యాడికి పోయినా ఎనకనే వస్తాండాది!" అని కబురు పెట్టింది. చూస్తే అది జాకెట్టు గుడ్డ! నువ్వు నేసినట్టే చీర చివర కలిపి గీశాను. ఆ లోకంలో దాన్ని కత్తిరించే దర్జీ లేడని నాకు తోచనే లేదు. నేనే కత్తిరించి, జాకెట్టు కూడా గీసి ఇచ్చాను.

ఇంకో చీర గీయడానికి నీ మామిడిపిందెల అంచు గీసిన గ్రాఫు కాగితం మడత పడకుండా పంపు. అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? అక్కడ ఒక్క వానైనా పడిందా?

అన్నట్టు, ఈ చీరలు అమ్మే కంప్యూటరు అంగట్లో ప్రతి చీర కిందా చేసినవాళ్ల పేరు రాయాలి. నలభై ఏళ్లలో నువ్వు నేసిన ఒక్క చీర మీదా నీ పేరు లేదు. అందుకే "ఈశ్వరప్ప, ఆయన కూతురు హేమలత" అని రాశాను.

అమ్మకు నా దండాలు చెప్పు. నువ్వు కోప్పడినా నీ పేరు తీసెయ్యను.

హేమలత