మ్యాపులో హాలూరు

పుంగనూరు, 1946 జూన్, సోమవారం రాత్రి

బడి మానేసినా మ్యాపు చూడటం నాకు వచ్చు, చిన్నాయనా. కొండకింద బీడును దున్నొద్దు, అక్కడ ఒకప్పుడు ఊరుండేది అంటే నిన్న అందరి ముందూ నవ్వావు. "ఐదో క్లాసు తప్పినోడు మనకు ఊళ్లు సూపిస్తాండాడప్పా!"

ఇవాళ రోడ్డు ఓవర్సీరు దగ్గర ఆ మ్యాపు మళ్లీ చూశాను. బీడులో ఇల్లు ఒక్కటీ లేదు. అయినా సదుం వైపు నుంచి వచ్చే కాలిబాటలన్నీ అక్కడే కలుస్తున్నాయి. మనుషులు లేని చోటికి అన్ని బాటలు ఎందుకు పడతాయి? పక్కన ఇంగ్లీషులో హాలూరు అని ఉంది.

"కన్నడంలో హాలంటే పాలురా. ఆవులు మేసే బీడది" అన్నావు నువ్వు, నిన్న ఆ పేరు చెప్పినప్పుడు.

సాయంత్రం ఆ పేరు అవ్వకు చెప్పాను. పుట్టింట్లో కన్నడం మాట్లాడిన మనిషి, వెంటనే దిద్దింది.

"హాలు కాదురా, హాళు. అంటే పాడుబడింది అని. వాంతిబేది వచ్చి అందరూ ఊరొదిలి పోయినాక అట్ల పిలిచిరి."

ఇంగ్లీషు అక్షరాల్లో ల, ళ రెండూ ఒకటే. నాకూ తట్టలేదు.

"ఆ ఊరు నీకెట్ల తెలుసవ్వా?"

"మేముండింది ఆడే. నా మొదుటి కొడుకును ఆడే పూడిస్తిమి, బాయికి పడమట."

నీకు ఇంకో అన్న ఉండేవాడని నీకు తెలుసా చిన్నాయనా? రేపు పొద్దున్నే ఆ బీడులో నాగలి కడతావు. నేను చెబితే మళ్లీ నవ్వుతావేమో, అవ్వ చెబితే...

అవ్వ లాంతరు తీసుకుని ఒక్కతే కొండవైపు బయలుదేరింది. నేను పోవాలి.