ఆరోగ్యవంతుల జాబితా

ద్వారకానాథ్ అంకుల్‌కి నమస్కారాలు.

నోటిలోని బ్యాక్టీరియాకూ క్లోమం క్యాన్సర్‌కూ ఏమిటి సంబంధం అన్న మా పరిశోధనకు మీరు లాలాజలం ఇచ్చారు. కృతజ్ఞతలు. కానీ పోల్చి చూడడానికి మాకు ఆరోగ్యవంతులు కావాలి. ఆ జాబితాలో మిమ్మల్ని చేర్చుకోలేకపోతున్నాం.

కారణం మీరు నింపిన ఫారమే. మూడు నెలల్లో పదకొండు కిలోలు తగ్గారు. కొత్తగా షుగర్, వీపులోకి పాకే కడుపునొప్పి. ఈ మూడూ కలిసి వస్తే ముందు క్లోమాన్నే అనుమానించాలి. మీరు బరువు పక్కన "కొర్రల మహిమ" అని రాశారు.

ఆదివారం బార్బెక్యూలో అందరూ మీ డైట్ రాసుకుంటుంటే నేను ప్లేటు పట్టుకుని పక్కనే నిలబడ్డాను. "నోరే విప్పని పిల్లకి ఊరందరి నోళ్లతో ఉద్యోగమా! యూనివర్సిటీ వాళ్లకి భలే దొరికావే!" అన్నారు మీరు. అందరితో పాటు నేనూ నవ్వాను.

మీ లాలాజలం చూసి జబ్బు చెప్పలేం, మా పరిశోధన ఇంకా అంతదూరం రాలేదు. స్కాన్ చెబుతుంది. ఏమీ లేదని తేలితే కొర్రలకు క్షమాపణ చెప్పుకుంటాను.

స్కాన్ రాయించుకోవడానికి గురువారం ఉదయం పదింటికి మీ ఫ్యామిలీ డాక్టర్ దగ్గర అపాయింట్‌మెంట్ తీసుకున్నాను. ఆన్‌లైన్‌లో ఖాళీ లేకపోతే ఫోన్ చేసి మాట్లాడాను. నేను ఫోన్ చేశానని ఇంట్లో సీతాదేవి ఆంటీకి చెప్పండి, ఇది ఎంత తొందరో ఆవిడకి అర్థమవుతుంది.

ఇట్లు,
నోరు విప్పని పిల్ల