గిట్టెకు ఎడమవైపు

2024 ఫిబ్రవరి 19, సోమవారం

నన్నే ఎంచుకుంది.

కోచ్ మోహన్‌రాజ్ సార్ పక్కకు పిలిచి, షామినీ, నీ అదురుష్టం లా అన్నాడు, మాట చివర ఈ ఊరి ‘లా’ తగిలిస్తూ. డెన్మార్క్ నుంచి వచ్చిన గిట్టె ఇక మీదట నాతోనే డబుల్స్ ఆడుతుందట. ఆమెకు ముప్పై మూడేళ్లు. ఒకప్పుడు ప్రపంచంలో మొదటి పది జంటల్లో ఉండేది. పార్ట్‌నర్ పెళ్లి చేసుకుని ఆట మానేసింది. నీ పని అయిపోయింది, చిన్నవాళ్లకు దారి ఇవ్వు అని వాళ్ల టీమ్ చెప్పేసింది. ఇవ్వనని చెప్పి కౌలాలంపూర్ వచ్చి మా బ్యాడ్మింటన్ క్లబ్‌లో చేరింది.

పొద్దున ముగ్గురం ట్రయల్ ఆడాం. అయ్యాక మమ్మల్ని వరసగా నిలబెట్టి కారణాలు చెప్పింది. మొదటి అమ్మాయితో, నువ్వు మంచిదానివి, మంచివాళ్లు నిదానంగా కదులుతారు అంది. రెండో అమ్మాయి వైపు చూసి తల అడ్డంగా ఊపింది, అంతే. నాతో, నువ్వేం గొప్ప ప్లేయర్‌వి కాదు, కానీ నీలో కోపం ఉంది, దాంతో పని నడుస్తుంది అంది.

కోపం ఎందుకుండదు? పంతొమ్మిదేళ్లప్పుడు నన్ను నేషనల్ స్క్వాడ్ నుంచి తీసేశామని వాట్సాప్‌లో చెప్పారు. అదీ అందరూ ఉన్న గ్రూప్‌లో.

ఇది తెలుగులో రాస్తున్నాను. క్లబ్‌లో ఎవరికీ తెలుగు చదవడం రాదు. మోహన్‌రాజ్ సార్ మాట్లాడతాడు గానీ అక్షరాలు రావు.

మార్చి 3, ఆదివారం

గిట్టెను కౌలా సెలంగోర్ తీసుకెళ్లాను, మా ఇంటికి. మా కూర్మమ్మ మామ్మ ఆమె పేరు వినగానే, ఇదేటి పేరే, ఆవు గిట్టా, మేక గిట్టా అని పమిట నోట్లో కుక్కుకుని నవ్వింది. ఏమందని గిట్టె అడిగింది. పేరు బాగుందంటోంది అన్నాను.

చేత్తోనే తింది. ఎండుచేపల పులుసుకి ముక్కు కారుతున్నా ఆపలేదు. మూడోసారి అన్నం పెట్టించుకుంది. మామ్మ చాలాసేపు చూసి, ఈ మనిసికి ఎవులూ నేరేటే, అలా తింతంది అని నన్నడిగింది. నాకు తెలియదు. ఇప్పటిదాకా అడగాలని కూడా తోచలేదు.

మార్చి 21

ఆమె పాఠం ఒకటే. నెట్‌కి అవతల ఇద్దరుండరు, ఒక్కరే ఉంటారు, బలహీనంగా ఉన్న మనిషి. ఆ మనిషిని పట్టుకో. ఏడ్చేదాకా ఆమెకే కొట్టు. ఏడ్చాక కూడా ఆమెకే కొట్టు.

నేను తప్పు చేసి సారీ అంటే ఆట ఆపేసి బయటికి వెళ్లిపోతుంది. ఈ రోజు పొద్దునంతా నన్ను నెట్ పోస్ట్ పట్టుకుని నిలబడమంది. తను కోచ్‌తో ఆడుకుంది. జూనియర్లు వచ్చారు, చూశారు, వెళ్లారు. నేను నిలబడే ఉన్నాను.

ఏప్రిల్ 9

సారీ అనకుండా ఒక రోజు గడిచింది.

జూన్ 16

ఇపో ఊళ్లో గెలిచాం! చిన్న టోర్నమెంటే. అయినా ఇంటర్నేషనల్. పోడియం మీద గిట్టె నా మణికట్టు పట్టుకుని పైకెత్తింది. నేను ఏడ్చేశాను. చెవిలో ఏదో అంటోందని వంగాను. ఇంకోసారి ఏడవకు, ఫోటో పాడైంది అంది.

బస్‌లో కౌలాలంపూర్ దాకా పిచ్చిదానిలా నవ్వుతూనే ఉన్నాను. ఆమె కిటికీకి తల ఆనించి నిద్రపోయింది. నిద్రలో మొహం ముసలిదానిలా ఉంది.

జూలై 16, మంగళవారం

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు.

పొద్దున అందరి ముందూ నన్ను గేదె అంది. వాళ్ల భాషలో గేదెను ఏమంటారో చెప్పి, జూనియర్ల చేత పలికించింది. వాళ్లు నవ్వుతూ పలికారు. తర్వాత స్మాష్ డ్రిల్. కోచ్ షటిల్ లేపుతున్నాడు, నేను కొడుతున్నాను, అవతల నెట్ దగ్గర గిట్టె ఆపుతోంది. మధ్యలో ఆమె కోచ్‌తో ఏదో అనబోయి తల తిప్పింది. అప్పటికే నా చేయి పైన ఉంది.

షటిల్ కార్క్ ఎడమ కంట్లో తగిలింది. తడిగుడ్డ నేలకేసి కొట్టినట్టు వినపడింది. గిట్టె మోకాళ్ల మీద కూలబడింది.

హాస్పిటల్లో నేనొక్కదాన్నే ఉన్నాను. కోచ్ జూనియర్లను వదిలి రాలేకపోయాడు. లోపల రక్తం చేరింది, రెటీనా దెబ్బతింది, చూపు పూర్తిగా రాకపోవచ్చు అన్నాడు డాక్టర్. బయటికొచ్చాక గిట్టె నాకు రెండు మాటలు చెప్పింది. మంచి స్మాష్. రెండోది, డాక్టర్ చెప్పిన సంగతి ఎవరికీ తెలియకూడదు, కోచ్‌కి కూడా.

ఆమె తల తిప్పడం నేను చూశానా?

అదే రోజు, మళ్లీ

చూశాను.

ఆగస్టు 25

ఆడుతున్నాం. కన్ను బయటికి మామూలుగానే ఉంది. గీసుకుపోయింది, తగ్గిపోయింది అని కోచ్‌కి చెప్పింది. ఆయన నమ్మాడు.

ఎడమవైపు ఎత్తుగా వచ్చే షటిల్‌ని ఆమె పట్టుకోలేదు. రాకెట్ జానెడు ముందో వెనకో ఊగుతుంది. అందుకని అటు ఎత్తుగా వచ్చిందంటే నేను మైన్, నాది అని అరిచి వెనక నుంచి దూసుకొస్తాను. చూసేవాళ్లకి నేను బాగా ఎదిగాననిపిస్తోంది. ఈ అమ్మాయి కోర్టంతా తానే ఆడేస్తోంది అంటున్నారట.

ఒకసారి అలా ఆదుకున్నాక గిట్టె నా భుజం తట్టింది. పోడియం మీద తప్ప ఎప్పుడూ ముట్టుకోని మనిషి.

నాకు సంతోషంగా ఉంది. రాసి చూసుకున్నాను. కొట్టేయడం లేదు.

అక్టోబర్ 11

వెళ్లిపోయింది.

డెన్మార్క్ టీమ్‌లో సోఫియె అని ఇరవయ్యేళ్ల పిల్ల. ఆమె పార్ట్‌నర్‌కి మోకాలు పోయింది. అనుభవం ఉన్న మనిషి కావాలని గిట్టెను వెనక్కి పిలిచారు. వారం క్రితమే తెలుసట. నాకు ఈ రోజు కార్ పార్క్‌లో చెప్పింది, గ్రాబ్ ట్యాక్సీలో సూట్‌కేస్ పెడుతూ.

నీకేం కాదు, బాగానే ఆడతావు అంది. మళ్లీ ఆలోచించి, ఏమో, ఈ మాట అందరితోనూ అంటాను అంది.

కన్ను సంగతి వాళ్లకు చెప్పావా అని అడిగాను. కారు డోర్ వేసుకుంది.

మామ్మకి ఫోన్ చేశాను. పోతే పోనీలెగే, నువ్వు తిన్నావా నేదా అంది.

డిసెంబర్ 4

కొత్త పార్ట్‌నర్ హుయ్ షాన్. మెత్తని పిల్ల. పాయింట్ పోతే చాలు, సారీ సారీ అంటుంది. ఈ రోజు ఆట ఆపి బయటికి వెళ్లిపోయాను. గ్లాస్ డోర్‌లోంచి చూశాను. ఎక్కడికి వెళ్లాలో తెలియక నెట్ పోస్ట్ పక్కన నిలబడింది.

వెంటనే లోపలికి వెళ్లలేదు.

2025 జనవరి 5

టోర్నమెంట్ డ్రా వచ్చింది, ఎవరు ఎవరితో ఆడాలో. బుకిట్ జలీల్ స్టేడియంలో మొదటి రౌండ్. గిట్టె, సోఫియె జంటతో మేం.

మోహన్‌రాజ్ సార్ అడిగాడు. అన్నాళ్లు దాంతో ఆడినావు, దానికి ఎక్కడ పట్టు దప్పుద్దో ఏటైనా వుంటే సెప్పు లా. ఏమీ లేదు సార్ అన్నాను. భోజనాల దగ్గర మళ్లీ అడిగాడు. మళ్లీ లేదన్నాను.

జనవరి 8, పొద్దున 6

నిద్ర లేదు. ఏదో ఒకటి తినాలి.

జనవరి 8, సాయంత్రం

మొదటి గేమ్ పోయింది. గిట్టె నా వైపు చూడనే లేదు. సోఫియెను తన ఎడమకు నిలబెట్టుకుని ఆడింది. ఆ పిల్లకు కారణం తెలియదు, చెప్పినట్టు నిలబడుతోంది. అన్నీ హుయ్ షాన్‌కే కొట్టారు. రెండో గేమ్ ఎలాగో లాక్కొచ్చాం.

మూడో గేమ్‌లో వెనకబడ్డాం. హుయ్ షాన్ సర్వీస్ నెట్‌కే తగులుతోంది. గిట్టె ఆమెను ఏడిపించింది, నిజంగానే కళ్లల్లో నీళ్లు. ఏడ్చాక కూడా ఆమెకే కొట్టింది. ఇంటర్వెల్‌లో సార్ ఏదో చెబుతున్నాడు, నాకు వినపడలేదు. నేషనల్ స్క్వాడ్ సెలెక్టర్ ముందు వరసలో కూర్చుని ఫోన్ చూసుకుంటున్నాడు. నన్ను తీసేశామని గ్రూప్‌లో మెసేజ్ పంపింది అతనే.

హుయ్ షాన్‌తో చెప్పాను, ప్రతి షటిల్ ఎత్తుగా గిట్టె ఎడమ భుజం మీదికి. ఎందుకక్కా అంది. కొట్టు అన్నాను.

సర్వీస్ నాది. మణికట్టుతో ఎత్తుగా ఫ్లిక్ చేశాను, గిట్టె ఎడమ భుజం మీదుగా. గిట్టె రాకెట్ గాలిలో ఊగింది. తర్వాతి సర్వీస్ సోఫియెకు, ఆమె తిప్పి కొట్టిన షటిల్‌ని మళ్లీ అదే భుజం మీదికి లేపాను. మళ్లీ ఊగింది. మూడోసారి స్టేడియంలో ఎవరో అయ్యో అని నవ్వారు. తర్వాత చాలామంది నవ్వారు. సోఫియె నోరు తెరుచుకుని తన పార్ట్‌నర్ వైపు చూస్తోంది. అటు నువ్వు చూసుకో అని ఒక్క మాటంటే ఆ పిల్ల కాచుకునేది. గిట్టె అనలేదు. అంటే ఎందుకని అడుగుతారు.

తర్వాత ఆమె షటిల్‌ని చూడడం మానేసి నన్ను చూసింది. నేను సర్వీస్ చేశాను. పాయింట్. నన్నే చూస్తోంది. సర్వీస్ చేశాను. పాయింట్.

గెలిచాం. సెలెక్టర్ లేచి చప్పట్లు కొడుతున్నాడు.

నెట్ దగ్గర గిట్టె చేయి ఇచ్చింది. పొడిగా ఉంది చేయి. నేను సారీ అన్నాను. నోట్లోంచి వచ్చేసింది. ఆమె, మూడో గేమ్ దాకా ఎందుకు ఆగావు, నేనైతే మొదటి పాయింట్ నుంచే కొట్టేదాన్ని అంది. కోపం లేదు. పాఠం చెబుతున్నట్టు అంది.

ఫిబ్రవరి 2

నన్నూ హుయ్ షాన్‌నూ స్క్వాడ్‌లోకి తీసుకున్నారు. ఈసారి ఫోన్ చేసి చెప్పారు.

ఫిబ్రవరి 20

గిట్టె ఆట మానేసింది. మానిపించారు. మ్యాచ్ వీడియో చూసి వాళ్ల టీమ్ కళ్లు పరీక్ష చేయించిందట. ఎడమ కంటికి వెలుగూ నీడా తప్ప పెద్దగా ఏమీ కనపడడం లేదట. నన్ను మోసం చేసింది, నా సీజన్ నాశనం చేసింది అని సోఫియె ఇంటర్వ్యూ ఇచ్చింది. మలేషియాలో ప్రాక్టీస్‌లో తగిలిన దెబ్బ అని రాశారు. కొట్టిందెవరని అడిగితే గిట్టె జవాబు చెప్పలేదట.

కాపాడిందా? లేక చెప్పాల్సినంత మనిషిని కాననా?

ఇంటికెళ్లాను. నువ్వు గెలిసినావు గదేటే, మొకం అలగెట్టినావేటి అంది మామ్మ. తర్వాత చేపలు కడుగుతూ, ఆ గిట్ట పిల్ల ఇప్పుడేటి సేస్తందే అంది. తెలియదన్నాను. మళ్లీ ఓపాలి తీసుకొచ్చీ, పాపం ఆకలి మనిసి అంది.

బాత్రూమ్‌లో కుళాయి తిప్పి కూర్చున్నాను.

జూలై 7, సోమవారం

స్క్వాడ్‌కి కొత్త డబుల్స్ కోచ్ వచ్చింది. గిట్టె.

వరసలో నిలబడ్డాం. అందరినీ పేరు పెట్టి పలకరిస్తూ వచ్చింది. హుయ్ షాన్‌ని కూడా. నా దగ్గర ఆగి, నీ పేరేమిటి అని అడిగింది.

నేను ఆమెకు ఎడమవైపు ఉన్నాను.

పేరు చెప్పాను.