శాంతయ్య పెన్సిల్ రాతలు

తిరుపతి

దేవకమ్మగారికి, ముకుందం నమస్కారాలు.

పెద్దపెద్ద సైంటిస్టులు చదివి, పక్కన సొంత చేత్తో రాసుకున్న పుస్తకాలంటే నాకు పిచ్చి. రిటైరయినాక వాటిని సేకరించడమే పని. వానల్లేకపోయినా కాసే శెనక్కాయ విత్తనం కనిపెట్టిన మీ తమ్ముడు శాంతయ్యగారు లేకుండా నా బీరువా నిండదు. ఆయన హైస్కూలు సైన్సు పుస్తకం మీ దగ్గరే ఉందట. దయచేసి ఇప్పించండి.

మీ ముకుందం

తా.క. ఊరివాళ్ళ ఎంగిలి పుస్తకాలకు బీరువా ఎందుకంటోంది మా ఆవిడ పెరుందేవి. పట్టించుకోకండి.

పూతలపట్టు

ముకుందం సామికి దేవకమ్మ దండాలు.

మా తమ్ముడి పేరు తిరుపతి దాకా పాకినందుకు కడుపు నిండింది సామీ. ఆ పాత పుస్తకం నిండా గీతలే. అట్లాంటిది పెద్దమనిషికి ఎట్ల ఇచ్చేది? చిత్తూరులో కొత్తది కొని, అట్ట వేసి, నాలుగు మూలలా పసుపు కుంకుమ పెట్టి పంపినాను.

ఇట్లు, దేవకమ్మ

తా.క. మా వాడికి చిన్నప్పటి నుంచీ నూటికి నూరే. ఎవురినైనా అడగండి.

తిరుపతి

దేవకమ్మగారికి నమస్కారాలు.

కొత్త పుస్తకం అందింది. మా మనవరాలు హంసిని బడికి పట్టుకుపోయింది. అమ్మా, నాకు కావలసింది ఆ గీతల పుస్తకమే. ఎన్ని గీతలుంటే అంత విలువ. ఉన్నదున్నట్టు పంపండి.

మీ ముకుందం

తా.క. అద్దాల వెనక పెట్టి, వచ్చినవాళ్ళందరికీ చదివి వినిపిస్తాను.

పూతలపట్టు

ముకుందం సామికి,

చదివి వినిపిస్తారా? మీ ఎత్తు ఇప్పుడు తెలిసింది. పేజీ పేజీకీ ‘అర్థం కాలేదు’ అని రాసుకున్నాడు మా వాడు. ఈడ రోడ్డు క్రాసు కాడ వానికి ఫ్లెక్సీ కట్టినారు. అంతటోడికి ఏమీ తెలీదని తిరుపతిలో అందరూ నవ్వాలనా? మా నాయన పోయినాక వాన్ని చదివించింది నేను. వాని పరువు పోనిస్తానా? రబ్బరు పెట్టి తుడస్తా ఉండాను. సగమయింది. అంతా అయినాక పంపుతాను, అప్పుడు చూపించుకోండి.

దేవకమ్మ

తా.క. ఆ కాలం పెన్సిల్ శానా గట్టిది. చెయ్యి పీకతా ఉండాది.

తిరుపతి

అమ్మా, ఆ రబ్బరు అవతల పారేయండి. మీకు పుణ్యముంటుంది. తెలియలేదని రాసుకునే ధైర్యం నాకు జన్మలో లేదు. అందుకే ఆ రాతలంటే నాకు ప్రాణం.

మీ కాళ్ళు పట్టుకునే ముకుందం

తా.క. ఇది పోస్టాఫీసులో నిలబడే రాస్తున్నాను. చేతి జిగురు కాయితానికి అంటితే మన్నించండి.

పూతలపట్టు

ముకుందం సామికి దండాలు.

ఆదివారం శాంతయ్య వచ్చినాడు. నా ఒళ్ళో రబ్బరు పొట్టు చూసి ఏందక్కా అన్నాడు. మీ జాబు ఇచ్చినాను. అది చదివి, పుస్తకం తిప్పి, ఒక పేజీ కాడ ఆగినాడు. ‘పువ్వు పైన పూస్తే శెనక్కాయ మన్నులో ఎట్ల కాస్తాది? అర్థం కాలేదు’ అని ఉండాది ఆడ.

“అక్కా, నా ఉద్యోగమంతా ఈ ముక్కలో నుంచే వచ్చింది” అన్నాడు. పెన్ను తీసి, దాని కింద ‘ఇప్పటికీ పూర్తిగా అర్థం కాలేదు’ అని రాసి సంతకం పెట్టినాడు. నాకు కళ్ళు నిండినాయి సామీ. ఇంత గొప్పోన్ని సాకినానా అనిపించింది.

మీ మాటే నిజం, అది శానా విలువైంది. అందుకే ఇయ్యను. నేనే అద్దాల బీరువా చేయిస్తా ఉండాను. వచ్చినోళ్ళకి నేనే చదివి వినిపిస్తాను. పెరుందేవమ్మను తోడుకోని రండి, శెనక్కాయలు ఉడకేస్తాను.

శాంతయ్య అక్క, దేవకమ్మ

తా.క. మిమ్మల్ని ఉత్తచేతుల్తో ఉంచను. రబ్బరు పొట్టు పొట్లం కట్టి ఈ కవర్లోనే పెట్టినాను. సగం పుస్తకం రాతలు దాంట్లోనే ఉండాయి. ఫ్యాను కింద విప్పొద్దండి.