అరగని పళ్ళు

ఇదిగో, నీకే చెప్తున్నాను. రేపు నీ సంవత్సరీకం. పనులన్నీ వదిలేసి ఈ రోజు మన చిన్న ట్రాక్టర్ తోలుకుని హిందూపురం వెళ్ళాను. వేరుశనగ మిషన్‌ను తిప్పే పీటీఓ షాఫ్ట్ దగ్గర నూనె కారుతోంది. మెకానిక్ ఊడదీసి, షాఫ్ట్ పళ్ళను గోరుతో గీకి చూశాడు.

"సీలు పోయిండాది, అంతే. పండ్లు యాడా అరగలేదు. ఎవురమ్మా నడిపేది?"

ఇంజను వేగం బాగా తగ్గించాకే నువ్వు మిషన్‌ను కలిపేవాడివి. "ఒగేసారి తగిలిస్తే పండ్లు అరిగిపోతాయి మే" అనేవాడివి. రోజూ పొద్దున్నే నా చీరలు చించిన పేలికలతో షాఫ్ట్ మీది మట్టి తుడిచి, గ్రీజు పెట్టేవాడివి. ఆ నిదానం నాతో మాట్లాడేటప్పుడు ఎన్నడైనా ఉందా? అన్నం కాస్త ఆలస్యమైతే నీ గొంతు మన ఊరు పరిగి అంతా వినపడేది.

"ముందు మా ఇంటాయన. ఆయప్ప పోయినాంక నేనే నడుపుతాండా" అన్నాను.

మెకానిక్ మళ్ళీ వంగి చూశాడు. "చెయ్యి మారినట్టే తెలీలేదు కదమ్మా!"

దారి పొడవునా నాకు నవ్వు ఆగలేదు.

ఇంటికొచ్చాక చూస్తే పేలికలు అయిపోయాయి. పెట్టెలో దాచిన నీ తెల్ల పంచె తీసి, సగానికి చించాను. కోప్పడకు. నా చీరలు చించేటప్పుడు నన్ను అడిగావా?