యుకలేలీకి గిటారు తీగలు

ఒరేయ్ తమ్ముడూ, బల్ల మీదున్న నీ నాలుగు తీగల బుల్లి యుకలేలీకి వేసిన క్లాంపు రేపు పొద్దున దాకా విప్పకు, జిగురు ఆరాలి. నైలాన్ తీగలే వెయ్యాలని షాపతను చిలక్కి చెప్పినట్టు చెప్పినా, గట్టిగా మోగాలని గిటారు స్టీలు తీగలు బిగించిన మేధావివి నువ్వు. ఆ లాగుడికి కింద తీగలు కట్టే చెక్క ఊడి లేచింది. చవకదైనా ఆ టెనర్ సైజు యుకలేలీ మంచిదే, వాయించేవాడే నాసిరకం. తీగలు ఎత్తుగా ఉన్నాయని ఏడ్చావుగా, అవి ఆనే కింది పట్టీ అరగదీశాను. ఇక వేళ్ల నొప్పి సాకులు చెల్లవు. కొత్త నైలాన్ తీగలు నేనొచ్చి వేస్తాను. ఈలోగా నువ్వు చెయ్యి పెట్టావో, చూసుకో.

ఇంకోటి. ఇదంతా నువ్వు సాధన చేస్తున్న పాట నా పెళ్లిరోజున వాయించడానికని మీ బావ నోరు జారాడు. ఆ పాట నాకు చచ్చినా నచ్చదు. రెండో చరణంలో నువ్వు రోజూ తప్పే చోట నేను గొంతు కలిపి అందుకుంటాలే.