నెట్టుడు బండికి పుట్టింటి ఇంజన్

కోల్టన్ ఫాల్స్, ఒహాయో
ఏప్రిల్ 9, 1996

గౌరవనీయులైన శ్రీమతి వెర్నా క్లింగెల్ గారికి,

పాంటియాక్ అభిమానుల సంఘ పత్రికలో నా ప్రకటన చూసి తమరు పంపిన కార్డు అందినది. ఉన్నత పాఠశాలలో జీవితమంతా వ్యాకరణం బోధించి విశ్రాంతి తీసుకుంటున్న నేను, ఇంత సంతోషం కలిగించినదీ, ఇన్ని కామాలు లోపించినదీ అయిన కార్డును ఇంతకు పూర్వం చదివి ఉండలేదు.

నా వద్ద ఉన్నది 1969 నాటి పాంటియాక్ జీటీఓ కారు. తుక్కు అంగడిలో ఇంజన్ లేకుండా దొరికినది. సీట్లు మార్పించాను, ముదురాకుపచ్చ రంగు వేయించాను. ఇంజన్ విషయమే తేలలేదు. నా పూర్వవిద్యార్థి, మెకానిక్ డ్వేన్, పెట్టెలో వచ్చే కొత్త ఇంజన్ బిగిద్దామంటాడు. "తాళం తిప్పితే చాలు మాస్టారూ, పిల్లిలా గురగురమంటుంది" అని వాని వాదన. గురగుర కావలసి వస్తే పిల్లినే పెంచుకునేవాడిని. ఇంకొకడు "పోనీ షెవర్లే ఇంజన్ పెట్టేద్దాం సార్" అన్నాడు. పాంటియాక్‌లో పోటీ బండి ఇంజన్ పెట్టమన్న వానితో మాటలు మానివేశాను. ఈ బండితోపాటే కర్మాగారంలో పుట్టి, ఈ బండి నంబరునే ఒంటిమీద చెక్కించుకున్న ఇంజన్ తప్ప మరొకటి వద్దని నా పట్టు. అది తమ వద్ద ఉన్నదనీ, రెండూ కలవవలసినవేననీ తమరే వ్రాశారు!

జూలై నాలుగవ తేదీ స్వాతంత్ర్య దినోత్సవ ఊరేగింపులో ఈ బండి ఏటా పాల్గొంటుంది. నేను టై కట్టుకుని స్టీరింగు ముందు కూర్చుంటాను. వెనుక నుండి నా పూర్వవిద్యార్థులు నెడతారు. ఊరంతా దీనిని "నెట్టుడు బండి" అంటుంది. ఈ ఏడైనా ఇది తన బలంతో తాను కదలాలి. అంతకు మించి నాకు కోరిక లేదు.

భవదీయుడు,
ఎల్డన్ ట్రస్కాట్

తా.క. తమ కార్డును ఎర్రసిరాతో దిద్ది జతపరిచాను. నూటికి అరవై రెండు.


బ్రయర్ హాలో, మిచిగన్
ఏప్రిల్ 17

మాస్టారూ, దండాలు!

బడిలో నాకెప్పుడూ యాభై దాటలేదు. మీ చేతి చలవ.

ఇంజన్ మా కొట్టంలోనే ఉంది. ఆపిల్ రసం తీసే గానుగని అదే తిప్పుతుంది. మా ఆయన క్లెమ్ పోయాక నేనే నడుపుకుంటున్నా. చలికాలం దుప్పటి కూడా కప్పుతా. దాని మీద నంబరు భూతద్దం పెట్టి మరీ చూశా, మీరు పత్రికలో వేయించిన నంబరే. ఏడుపొచ్చేసింది నాకు

కలపాల్సిందే మాస్టారూ. గడ్డి మోపులన్నీ బయట పడేయించా. ఆరడుగుల కొట్టం తలుపుని తొమ్మిది అడుగులు చేయించా. సరిపోతుందా? మీ ఊరేగింపుకి నేనూ వస్తా, బండెక్కి.

మీ
వెర్నా

తా.క. దీన్నీ దిద్ది పంపండి. చర్చిలో ఆడవాళ్ళు మీ ఎర్రసిరా కోసం కాచుకుని ఉన్నారు.


కోల్టన్ ఫాల్స్
మే 2

మాన్యురాలైన క్లింగెల్ గారికి వినయపూర్వకంగా,

రెండడుగుల పైచిలుకు ఇంజన్‌కు తొమ్మిది అడుగుల తలుపెందుకో బోధపడలేదు. అయినా వచ్చేవారికి మోచేతులు గీసుకుపోకూడదన్న తమ సౌజన్యానికి జోహారు. జూన్ నెల రెండవ శనివారం డ్వేన్ లారీతో, చిన్న క్రేనుతో వస్తాడు. బండి బానెట్ ఇప్పుడే విప్పించి సిద్ధంగా ఉంచాను. తమరు ఏ శ్రమా పడనవసరం లేదు.

తమ విధేయుడు,
ఎ. ట్రస్కాట్

తా.క. అరవై ఐదు. "ఏడుపొచ్చేసింది నాకు" తరువాత చుక్క పెట్టలేదు. కంట నీరు తిరిగినా వాక్యం ముగించక తప్పదు.


బ్రయర్ హాలో
మే 11

బంగారం లాంటి మాస్టారికి,

బానెట్ విప్పి పంపుతున్నారా! ఎంత ముందుచూపండీ. లారీ మీదికి ఎక్కించేటప్పుడు గీతలు పడతాయని బెంగపడకండి. ఎలాగూ ఆ పచ్చరంగు గీకించేసి, మొదట ఉన్న ఎర్రరంగే వేయిస్తున్నా. ఇన్నాళ్ళూ ఎండకీ వానకీ వదిలేయకుండా చూసుకున్నారు, మీ మేలు మరిచిపోను. డ్వేన్ బాబుకి చెర్రీ పళ్ళు కూరిన తీపి రొట్టె చేసి పెడతా. బండి ఇచ్చేశాక మీరెలా తిరుగుతారు? నడక మంచిదేలెండి, ఒంటికి.

ఎంతో సంతోషంతో,
వెర్నా

తా.క. ఆ టై కూడా బండిలో పడేసి పంపుతారా? మా తోటలో దిష్టిబొమ్మ మెడ బోసిగా ఉంది.


కోల్టన్ ఫాల్స్
మే 18

శ్రీమతి క్లింగెల్ గారికి,

ఆపండి. నా బండిని గీకించడమేమిటి? ఎర్రరంగేమిటి? నేను బండిని ఇస్తానని ఏ వాక్యంలో వ్రాశాను? బండి అనగా తలుపులు, చక్రాలు, సీట్లు గల వాహనము. ఇంజన్ అందులో ఒక భాగము. భాగం వచ్చి బండిలో చేరుతుందే గాని, బండి వెళ్ళి గానుగ పక్కన చేరదు. ఈ మాత్రం సంగతి తొమ్మిదవ తరగతి పిల్లలకు కూడా తెలుసు.

ఇట్లు,
ట్రస్కాట్

తా.క. తమ గత లేఖలో ఒక్క తప్పు కూడా దొరకలేదు. అందువల్ల నా కోపం రెట్టింపయినది.


బ్రయర్ హాలో
మే 26

ట్రస్కాట్ మాస్టారికి,

బండంటే ఇంజనండీ. మిగతాదంతా దాని మీద మూత. మూత కోసం గిన్నె పొరుగూరు వెళ్తుందా?

ఆ బండి మాది. క్లెమ్ కొత్తగా కొన్నప్పుడు నన్నెక్కించుకుని, చెరువు గట్టు దాకా వెళ్ళి, పెళ్ళి మాట ఎత్తలేక, మూడుసార్లు ఇంజన్ గొప్పలే చెప్పాడు. నాలుగోసారి నేనే అడిగేశా. తర్వాత ఒక ఏడు గానుగ మోటారు కాలిపోయింది. పళ్ళేమో కుళ్ళిపోతున్నాయి. ఇంజన్ పీకి గానుగకి బిగించాడు. వాకిట్లో ఆ డొక్కు చూడలేక తుక్కువాడికిచ్చేశాడు. మర్నాటి నుంచీ దానికోసం వెతకడమే. వెతుకుతూనే పోయాడు.

అందుకే, ఇంజన్ కదలదు.

వెర్నా

తా.క. వెనక సీటులో చుట్ట కాలిన మచ్చ ఉండాలి, క్లెమ్‌ది. సీట్లు మార్పించానని రాశారుగా. ఈ జన్మకి మిమ్మల్ని క్షమించను.


కోల్టన్ ఫాల్స్
జూన్ 3

క్లింగెల్ గారికి,

తమ లేఖ రెండు పర్యాయాలు చదివాను, ఎర్రసిరా ముట్టలేదు. పాత సీటు గుడ్డను నేను పారవేయలేదు. అటక మీద ఉన్నది. మచ్చ ఉన్నంత మేర కత్తిరించి దీనితో పంపుతున్నాను.

ఇంజన్ అడిగే హక్కు నాకు లేదని తెలుసుకున్నాను. ఊరేగింపు దగ్గర పడినది. డ్వేన్ బావమరిది వద్ద ఒక షెవర్లే ఇంజన్ ఉన్నదట. బరువైన మనసుతో అదే బిగించవలసిందిగా చెప్పాను.

సెలవు,
ఎల్డన్ ట్రస్కాట్


బ్రయర్ హాలో
జూన్ 7

ఓరి దేవుడో మాస్టారూ!

క్లెమ్ బండిలో షెవర్లేనా? ఆ మనిషి పక్కింటి వాళ్ళ షెవర్లే మీద చెయ్యి ఆనిస్తే ఇంటికొచ్చి సబ్బుతో కడుక్కునేవాడు! సమాధిలోంచి లేచి వచ్చి ఇద్దర్నీ తంతాడు. మీకు పుణ్యముంటుంది, ఆ పాపం చేయకండి. డ్వేన్‌ని క్రేనుతో రమ్మనండి. ఇంజన్ తీసుకెళ్ళండి. కానీ సెప్టెంబరులో ఆపిల్ కోతలకి నా ఇంజన్ నాకు తిరిగి రావాలి.

హడావిడిలో,
వెర్నా

తా.క. గుడ్డముక్క అందింది. ఇంకా చుట్ట వాసనే. క్షమించేశా.


కోల్టన్ ఫాల్స్
జూలై 6

ప్రియమైన వెర్నా గారికి,

చెర్రీ కోతల వల్ల తమరు రాలేకపోయిన ఊరేగింపును గురించి ఉన్నది ఉన్నట్టు విన్నవించడం నా ధర్మం.

తాళం తిప్పాను. ఇంజన్ పిల్లిలా గురగురమనలేదు. చెవులు గింగురుమనేలా గర్జించినది. చర్చి మెట్ల మీది పావురాలన్నీ లేచిపోయినవి. బండి కదిలినది. ఇన్నేళ్ళుగా ఎదురుచూసిన క్షణం అది. కానీ వీధికి ఇరువైపులా ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అద్దంలోంచి వెనక్కు చూశాను. డ్వేన్, వాని తోటివారు, బట్టతలలతో, బొజ్జలతో, చేతులకు తొడుగులు వేసుకుని, నడిరోడ్డు మీద నిలబడిపోయి ఉన్నారు.

"మాస్టారూ, మరి మేమేం చెయ్యాలి?" అని అరిచాడు డ్వేన్.

"మమ్మల్ని వదిలేసి పోతున్నారా సార్?" అన్నాడు షెవర్లే మాట ఎత్తిన ఆ ప్రబుద్ధుడు.

నేను తాళం వెనక్కు తిప్పాను. "ఇంజన్ ఆగిపోయినదిరా, నెట్టండి" అన్నాను. ఊరు ఊరంతా ఒక్కసారిగా ఈలలు వేసినది. కోర్టు భవనం వరకూ నెట్టారు. తిరుగు ప్రయాణంలో వారందరినీ ఎక్కించుకుని, తమ ఇంజన్ గర్జిస్తుండగా, రెండు చుట్లు తిప్పాను.

సెప్టెంబరులో ఇంజన్ విప్పి పంపిస్తాను. మాట తప్పను. అయితే డ్వేన్ పానా చేత పట్టుకున్నప్పుడల్లా ముక్కు చీదుతున్నాడు.

కృతజ్ఞతలతో,
ఎల్డన్

తా.క. టై పంపుతున్నాను. దిష్టిబొమ్మకు నమస్కారములు.


బ్రయర్ హాలో
జూలై 14

నెట్టుడు బండి మాస్టారికి,

ఇంజన్ విప్పకండి. సెప్టెంబరులో బండిని మీరే తోలుకుంటూ రండి. మా మామగారి కాలంలో బండి వెనక చక్రం ఒకటి జాకీతో పైకెత్తి, దానికి బెల్టు తగిలించి రంపాలు తిప్పేవాళ్ళు. గానుగ తిరగదా ఏం? క్లెమ్ కూడా అలాగే చేద్దామన్నాడు. పాత తలుపులోంచి బండి దూరలేదు, అంతే. ఇప్పుడు తలుపు తొమ్మిది అడుగులు. ఎందుకో బోధపడలేదన్నారుగా?

కోతలయ్యే దాకా మా ఇంట్లోనే ఉండండి. మీ బట్టతల పిల్లల్నీ తీసుకురండి. బండి నెట్టే పని లేదు గానీ, ఆపిల్ బళ్ళు బోలెడున్నాయి నెట్టడానికి. పచ్చరంగు ఉండనిద్దాం. చూస్తే బాగానే ఉంటుందేమో.

మీ
వెర్నా

తా.క. ఇంజన్ ఎక్కించుకెళ్ళిన రోజు డ్వేన్ మూడు ముక్కలు చెర్రీ రొట్టె తిని, తన బావమరిది దగ్గర షెవర్లే ఇంజనే లేదనీ, అసలు తనకి బావమరిదే లేడనీ చెప్పేశాడు. మీ జూన్ మూడో తేదీ ఉత్తరాన్ని ఎర్రసిరాతో దిద్ది జతపరిచా. కామాలకి నూటికి నూరు. నిజాయితీకి సున్నా. పక్కన "చాలా బాగుంది" అని కూడా రాశా, చూసుకోండి.